శాఖవారి గుర్రానికి ఆయాసం

గుమ్మడివలస పశువుల ఆసుపత్రి మోటారు సైకిల్‌కు చెవిపోగు ఉందంటే కొత్తవాళ్ళు నమ్మరు. ఉంది. క్లచ్ పిడికి పసుపుపచ్చగా వేలాడుతూ ఉంటుంది. ఆవులకూ గేదెలకూ వేసే పోగే అది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆసుపత్రి పెట్టిన కొత్తలో డాక్టరు ఊళ్ళు తిరగడానికి పశుక్షేమ శాఖవారు ఒక గుర్రాన్ని ఇచ్చారు. అది కాలం చేశాక ‘మరణించిన గుర్రము స్థానములో మోటారు సైకిలు ఒకటి మంజూరు చేయడమైనది’ అని ఉత్తర్వు వచ్చింది. స్థానములో అన్నారు కదా అని గుమాస్తా దాన్ని పశువుల రిజిస్టరులో గుర్రం స్థానంలోనే ఉంచాడు. అప్పటినుంచి శాఖ దృష్టిలో అది గుర్రమే. దాని పెట్రోలు దాణా పద్దు కింద వస్తుంది. టైర్లు నాడాల పద్దు కింద వస్తాయి. ఏటా టీకాలు వచ్చినప్పుడు దాని వంతు టీకా కూడా వస్తుంది, అటెండరు సన్యాసిరావు దాన్ని సీటుకు పొడిచి తన విధి పూర్తి చేస్తాడు. సీటు నిండా చిల్లులే.

మొన్నామధ్య శాఖకు పోగుల మోజు పట్టింది. పోగు లేని పశువు శాఖ దృష్టిలో లేనట్టేనని పైనుంచి హుకుం. తీరా పోగులు చాలలేదు. మిగిలిన ఆఖరి పోగును ముందు శాఖవారి సొంత పశువుకు వేయాలన్నారు. అలా అది మోటారు సైకిల్‌కు పోయింది. దాని తర్వాత వరసలో ఉన్నది తాటిమెట్ట అసిరమ్మ గేదె. పాపం, దానికి మిగల్లేదు.

అలాంటి బండికి జబ్బు చేసింది.

జబ్బును మొదట గమనించింది డాక్టర్ సువర్చల. ఆమె గుమ్మడివలస వచ్చి ఎంతో కాలం కాలేదు. బండి దారిలో పోతున్నంతసేపూ బాగానే పోతోంది. ఎవరి గుమ్మం ముందైనా ఆపి, కుడిచేతి పిడి తిప్పి ఇచ్చే రేజు వదిలేస్తే మాత్రం చిక్కే. ఒకసారి గుయ్యిమని లేస్తుంది, మరుక్షణం నీరసంగా టుక్కుటుక్కుమంటుంది, మళ్ళీ లేస్తుంది, చివరికి ఒక్క దగ్గు దగ్గి ఆరిపోతుంది. చోక్ లాగితే కాసేపు కుదురుగా ఉంటోంది. నోరులేని జీవాలతో పనిచేసే మనిషి కాబట్టి సువర్చల దాని పక్కన కూర్చుని తీరుబడిగా చూసింది. చోక్ లాగితే గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే కుదుటపడుతోందంటే, లేనిపోని గాలి ఎక్కడినుంచో లోపలికి పోతోందన్నమాట. ఆమె సిరంజిలో నీళ్ళు పట్టి, కార్బరేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న నల్లటి రబ్బరు గొట్టం చుట్టూ ఒక్కొక్క చుక్కే వేసింది. ఒకచోట చుక్క పడగానే ఇంజను శబ్దం మారింది. వేలితో తడిమితే పగులు తగిలింది.

"ఇంతేనా మేడమ్," అన్నాడు సన్యాసిరావు. "సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ప్లాస్టరేసేస్తే పోద్ది కదండీ."

అంతే. కానీ సువర్చల పద్ధతి ప్రకారం పోయే మనిషి. శాఖవారి వస్తువు కదా అని, ఒక కొత్త రబ్బరు గొట్టం పంపమని జిల్లా కార్యాలయానికి ఫోను చేసింది. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

"గుర్రానికి రబ్బరు దేనికి?" అని అడిగారు అవతల జాయింట్ డైరెక్టరు డాక్టర్ విశ్వపతి గారు. ఆయన్ని అందరూ జేడీ గారంటారు.

సువర్చల లక్షణాలన్నీ చెప్పింది.

"ఇది శాఖ పశువునకు సోకిన వ్యాధి. వ్యాధి నిర్ధారణకు సంఘమును నియమించవలసి యుండును. నిర్ధారణ కాకమునుపు చికిత్స చేయుట నిషిద్ధము. మీరు రోగిని ముట్టుకొనరాదు డాక్టరుగారూ."

"రోగం తెలిసింది సార్. రబ్బరు పగిలింది."

"అది మీ అభిప్రాయము. అభిప్రాయము వేరు, నిర్ధారణ వేరు."

పోనీ బజారులో మెకానిక్ తౌడు దగ్గరికి తోసుకుపోదామా అంటే, తౌడు ఆ బండిని వీధి చివర చూస్తేనే షెడ్డు తలుపు దించేస్తాడు. "మీ బండి నాను ముట్టను డాట్రమ్మా," అన్నాడు తలుపు వెనకనుంచే. "ఎనకోసారి ప్లగ్గు తుడిసినందుకు నాటువైద్దెం సేసినావని నోటీసంపినారు. పశువుల్ని పాడుసేసీవోడినని మా అత్తోరూరు దాకా పాకిపోయింది."

ఆ సాయంత్రమే అసిరమ్మ తాటిమెట్టనుంచి కొండ దిగి వచ్చింది. ఆసుపత్రి అరుగు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"పొదుగు దిగిపోనాది డాట్రమ్మా. రేపో ఎల్లుండో ఈనీసీలాగుంది. పోయినేడు బిడ్డ అడ్డం తిరిగిపోయి సచ్చిపోనాది. గేదె కూడా పోద్దనుకున్నాను. ఈపాలి నువ్వొస్తానన్నావు."

"వస్తాను పిన్నీ. అన్నాను కదా."

"ఆ గేదే నాకు కొడుకూ కోడలూను," అంది అసిరమ్మ. అని లేచి, చీకటి పడకముందే కొండెక్కాలని వెళ్ళిపోయింది.

తాటిమెట్టకు బస్సు లేదు. ఆటోవాళ్ళు దారికడ్డంగా పారే గెడ్డ దాటి రారు. ఎవరి బండైనా అడిగి పోదామంటే, ప్రభుత్వ మందుల పెట్టె శాఖవారి గుర్రం మీద తప్ప వేరే దేనిమీదా ఎక్కకూడదు. మందుల పెట్టె లేకుండా పోతే ఆమె అసిరమ్మ పక్కన కూర్చుని కన్నీళ్ళు తుడవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మర్నాడే సంఘం దిగింది. జేడీ గారు జీపులో వచ్చారు. వెంట దాణా నిపుణులు డాక్టర్ పరాంకుశం గారు తన పాత మోటారు సైకిల్ మీద వచ్చారు. దారిలో ఆసుపత్రికి దాణా పోసే పెట్రోలు బంకులోనే ఆయనా పోయించుకున్నారు. ముందురోజు వానకు ఆ బంకు భూమిలోపలి ట్యాంకులోకి నీళ్ళు దిగిన సంగతి ఆయనకు తెలియదు.

వేపచెట్టు నీడన బండిని నిలబెట్టారు. జేడీ గారు స్టెతస్కోపు తీసి పెట్రోలు ట్యాంకు మీద ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఆయన ముఖం రానురాను గంభీరమైంది.

"నాడి లేదు," అన్నారు. "పరిస్థితి విషమించినది."

"ఇంకా తాళం తిప్పలేదు సార్," అంది సువర్చల.

తాళం తిప్పి కిక్కు కొట్టారు. బండి లేచింది, గుయ్యిమంది, నీరసించింది, మళ్ళీ లేచింది. జేడీ గారు ఆ ఎగుడుదిగుళ్ళకు అనుగుణంగా తలాడిస్తూ విన్నారు. అది ఆరిపోగానే సన్యాసిరావును ఎక్కించి ఆవరణ చుట్టూ ఒక చుట్టు తిప్పించారు. తిరిగినంతసేపూ కుదురుగా ఉంది. ఆపగానే మళ్ళీ అదే ఆయాసం.

"గమనించితిరా? శ్రమలో స్వస్థత, విశ్రాంతిలో అస్వస్థత. శాఖ చరిత్రలో ఇట్టి రోగిని చూచియుండలేదు."

"నా దృష్టిలో ఇది అజీర్ణము," అన్నారు పరాంకుశం గారు. "దాణా మార్చి చూడవలెను. మొదట పలుచని గంజితో ప్రారంభించి."

"గంజి ట్యాంకులో పోస్తే ఇంజను పోతుందండి," అంది సువర్చల. ఆమె గొంతు కాస్త హెచ్చింది. "సార్, ఒక్క నిమిషం ఇలా చూడండి. ఈ రబ్బరు మీద నీటిచుక్క వేస్తే శబ్దం మారుతోంది. గాలి పీలుస్తున్నది ఇక్కడే. కట్టు కట్టేస్తే అయిపోతుంది. తాటిమెట్టలో ఒక గేదె ఈనడానికి సిద్ధంగా ఉంది."

"దానికి పోగున్నదా?"

"లేదు సార్. పోగులు చాలలేదు."

"పోగు లేని గేదె శాఖ దృష్టిలో లేదు. లేని గేదె కొరకు ఉన్న గుర్రమును బలిచేయలేము. మీ నీటిచుక్క సంగతి సంఘము పరిశీలనలో ఉంచుకొన్నది."

మధ్యాహ్నం ఉప్మా తిని పరాంకుశం గారు తన బండికి కిక్కు కొట్టారు. అది లేచింది, గుయ్యిమంది, దగ్గింది, ఆరిపోయింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే దగ్గు. ఆవరణలో ఉన్నవాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పరాంకుశం గారు మెల్లగా బండి మీంచి దిగి, దానికి దూరంగా జరిగి, చేతులు సబ్బుతో కడుక్కున్నారు.

"అంటువ్యాధి," అన్నారు జేడీ గారు.

ఆ తర్వాత జరిగినదంతా శాఖవారు ఎంతో చాకచక్యంగా చేశారని ఒప్పుకోక తప్పదు. పొద్దుగూకేలోపు గుమ్మడివలస నాలుగు దిక్కులా వెదురుబొంగులు కట్టారు. పాత మోటారు సైకిళ్ళు ఊరు దాటకూడదని టాంటాం వేయించారు. దాటవలసి వస్తే ఊరి మొగలో తవ్విన మందునీళ్ళ గుంటలో రెండు చక్రాలూ ముంచి, దగ్గు లేదని డాక్టరు చేత అనిపించుకుని పోవాలి. పాలవాళ్ళు బిందెలు నెత్తిన పెట్టుకుని నడిచారు. పెళ్ళిచూపులకు పోతున్న ఒకాయన బండిని వెదురుబొంగు దగ్గర ఆపేస్తే, పిల్ల తరఫువాళ్ళు వచ్చి అక్కడే పిల్లను చూపించి, కాఫీలిచ్చి పంపించారు. పక్కింటాయన బండి దగ్గుతోందని ఆయన్ని పలకరించడం మానేసినవాళ్ళు కూడా ఉన్నారు. ఆసుపత్రి గుర్రాన్ని విడిగా ఒక పాకలో కట్టేసి, చుట్టూ బ్లీచింగు చల్లి, దాని ముందర ఒక కట్ట పచ్చగడ్డి వేశారు. అది తినలేదు. ఆకలి మందగించినట్టు సంఘం గుర్తించింది.

సువర్చల ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అన్నిటికంటే, వస్తానని అసిరమ్మకు చెప్పిన మాటే పదేపదే గుర్తొచ్చింది.

తెల్లవారి సంఘం మళ్ళీ సమావేశమై, పరాంకుశం గారు గంజి ప్రస్తావన ఎత్తుతుండగా సువర్చల ఫోను మోగింది. అసిరమ్మ.

"డాట్రమ్మా, ఉమ్మనీరు పోయి సేనాసేపయిపోనాది. మూతి కనిపిస్తంది. ఒక్క కాలే బయటికొచ్చింది. రెండోది నేదు. గేదె నేలమీద పడిపోనాది." గొంతు తగ్గింది. "నువ్వొస్తన్నావా?"

"వస్తున్నాను," అంది సువర్చల. ఎలాగన్నది ఆమెకింకా తెలియదు.

ఫోను పెట్టి జేడీ గారి ముందు నిలబడింది. అడిగితే ఇవ్వరని తెలుసు. వాదిస్తే అసలే ఇవ్వరు. రెండు రోజులుగా ఆ మనిషి మాట్లాడిన మాటలన్నీ ఒకసారి మనసులో తిరగేసుకుంది.

"సార్, రోగి శ్రమలో స్వస్థతగా ఉంటోందని మీరే కనిపెట్టారు."

"కనిపెట్టితిని," అన్నారు జేడీ గారు, కుర్చీలో కొంచెం నిటారుగా అయ్యి.

"ఆవరణలో తిప్పితే ఏం తెలుస్తుంది సార్? ఎత్తు ఎక్కిస్తే తెలుస్తుంది. తాటిమెట్ట దారి నిట్టనిలువు. మనుషుల సందడి తక్కువ, కాబట్టి అంటుకునే భయం లేదు. వ్యాయామం చికిత్స కాదు కదా సార్, పరిశీలనే కదా."

జేడీ గారు ఆలోచించారు. నియమాలన్నీ ఆయన కళ్ళముందు ఒక్కొక్కటిగా నడిచిపోవడం సువర్చలకు కనిపించింది.

"పరిశీలనయే," అన్నారు చివరికి. "రోగి వెంట డాక్టరు ఉండవలెను."

"ఉంటాను సార్."

"మందుల పెట్టె ఉండవలెను."

"మీరు చెప్పాక తప్పుతుందా సార్," అంది సువర్చల. అప్పటికే పెట్టె సన్యాసిరావు ఒడిలో ఉంది.

ఆ దారంతా ఆమె రేజు వదల్లేదు. వదిలితే ఆరిపోతుంది. మందునీళ్ళ గుంటలో నురగ లేపుకుంటూ దూసుకుపోయింది. గెడ్డ ఒడ్డున గొర్రెలమంద అడ్డం వస్తే ఆపకుండా మంద చుట్టూ చక్కర్లు కొట్టింది. కాపరి ఆ మేడమ్‌కి ఏమైందోనని నోరు తెరుచుకుని చూశాడు. మెట్ట ఎక్కేటప్పుడు సన్యాసిరావు కళ్ళు మూసుకుని పైడితల్లిని తలుచుకున్నాడు. అసిరమ్మ వాకిట్లో ఆపగానే బండి ఒక్క దగ్గు దగ్గి తనంతట తానే ఆరిపోయింది. సువర్చల అప్పటికే పాకలో ఉంది.

గేదె కళ్ళు తేలేసింది. సువర్చల మోచేతి పైదాకా సబ్బు రాసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. దూడ రెండో కాలు మోకాలి దగ్గర వెనక్కి మడతపడి ఉంది. తల మెల్లగా వెనక్కి నెట్టి, చోటు చేసుకుని, చిట్టి గిట్టను అరచేతిలో దాచుకుని, తల్లి లోపల గీసుకోకుండా ముందుకు తెచ్చింది. రెండు కాళ్ళకూ తాడు వేసింది. గేదె ముక్కినప్పుడల్లా ముగ్గురూ లాగారు, ముక్కనప్పుడు ఆగారు. అసిరమ్మ గేదెతో ఏదో మాట్లాడుతూనే ఉంది. దూడ జారి గడ్డిలో పడింది. కదల్లేదు. సువర్చల దాని ముక్కులో జిగురు తీసి, గడ్డిపరకతో గిలిపెట్టి, గోనెపట్టాతో వొళ్ళంతా రుద్దింది. రుద్దుతూనే ఉంది. చెయ్యి నొప్పెట్టినా ఆపలేదు. ఎట్టకేలకు దూడ తుమ్మింది.

పెయ్యదూడ. అసిరమ్మ దాన్ని చూసి, సువర్చలను చూసి, ఆమె తల నిమిరింది. సువర్చలకు కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ వ్యాయామానికి పోయిన రోగి ఎలా ఉందో సంఘానికి చెప్పాలి కదా. సువర్చల దాపరికం తెలియని మనిషి. వ్యాయామం బాగా జరిగిందనీ, తాటిమెట్టలో ఒక గేదె కష్టపడి ఈనిందనీ, పెయ్యదూడ బతికిందనీ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఏ గేదె?" అన్నారు జేడీ గారు.

"అసిరమ్మ గేదె సార్. పోగు లేనిది."

"పోగు లేని గేదె లేదు. లేనిది ఈనదు. కానీ దూడ ఉన్నది కదా?"

"ఉంది సార్. చెంగున గెంతుతోంది."

"ఆ సమయమున ఆ వాకిట పోగున్న పశువు ఏది?"

సువర్చల బండికి వేలాడుతున్న పోగు వైపు చూసింది. సన్యాసిరావు చేతిలో టీ గ్లాసు ఒలికింది. జేడీ గారు లేచి నిలబడ్డారు. జీవితమంతా ఎదురుచూసిన ఘడియ వచ్చినవాడిలా వెలిగిపోయారు.

"విశ్రాంతిలో ఆయాసము. దాణా సహించకపోవుట. పచ్చగడ్డి ముట్టకపోవుట. పరాంకుశం గారూ, ఇది అజీర్ణమూ కాదు, అంటువ్యాధియూ కాదు. సూడి. మనము రెండు దినములుగా నిండు చూలాలిని కిక్కు కొట్టితిమి."

పరాంకుశం గారు సిగ్గుపడి తలవంచుకున్నారు. కాసేపటికి ఆయనకొక సందేహం వచ్చింది.

"అయ్యా, గుర్రమునకు గేదెదూడ పుట్టునా?"

"పుట్టదు," అన్నారు జేడీ గారు తడుముకోకుండా. "కావున అది గుర్రము కాదు. దూడను బట్టి తల్లి గేదె యని తేలుచున్నది. ఇన్నేళ్ళ పొరపాటు నేటికి సరిదిద్దబడినది."

ఆ పూటే బండి గుర్రాల్లోంచి గేదెల్లోకి మారింది. వెదురుబొంగులు విప్పేశారు. పరాంకుశం గారి బండి ఆ వేళకు నీళ్ళన్నీ కక్కేసి దానంతటదే తేరుకుంది. సువర్చల నవ్వాపుకుంటూ ఉండగా జేడీ గారు ఇంకో మాట అన్నారు.

"ప్రభుత్వ గేదెకు పుట్టిన దూడ ప్రభుత్వపు దూడ. రేపు జిల్లా క్షేత్రమునకు తరలించవలెను."

సువర్చల నవ్వు ఎగిరిపోయింది. గోనెపట్టాతో రుద్దిన చెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది. అసిరమ్మ తల నిమిరిన స్పర్శ ఇంకా తల మీదే ఉంది. కానీ శాఖవారి భాష ఇప్పుడామెకు కాస్త పట్టుబడింది.

"సార్, పాలు తాగే దూడను తల్లినుంచి విడదీయవచ్చా?"

"ఎంతమాత్రమును కూడదు. మహాపాపము. శాఖ నియమమునకు కూడ విరుద్ధము."

"దూడ కొత్తచోట బతకదు సార్. తల్లినే దాని దగ్గర ఉంచితే?"

"ఉంచవలెను. ఎవరి పాక అది? అసిరమ్మదియా? తల్లీపిల్లలను ఆమె సంరక్షణలో ఉంచడమైనది. దూడ పెద్దదగువరకు వారిని ఎవరును కదల్చరాదు. మీరు ప్రతిదినము పోయి చూచి రావలెను. పోయి వచ్చుటకు శాఖవారి మోటారు సైకిలును వాడుకొనవలెను."

"అలాగే సార్," అంది సువర్చల. "బాలింతకు నడికట్టు కట్టవచ్చునా సార్?"

"తప్పక కట్టవలెను. అది చికిత్స కాదు, ఆచారము."

ఆ సాయంత్రమే తాటిమెట్టలో, పగిలిన రబ్బరు గొట్టానికి సువర్చల సైకిల్ ట్యూబు ముక్క బిగించి, దానిపైన ఆసుపత్రి ప్లాస్టరు వరసగా చుట్టింది. కిక్కు కొట్టి రేజు వదిలేసింది. బండి టుక్కుటుక్కుమంటూ, మధ్యాహ్నం పూట నెమరేస్తున్న గొడ్డులా, కుదురుగా ఆడుతూ ఉండిపోయింది.

"అయితే ఇది నా పాకలోనే ఉండిపోద్దా?" అంది అసిరమ్మ. "నీకెలాగ మరి? బండి మెట్టమీద, నువ్వు కింద."

"అదే ఆలోచిస్తున్నాను పిన్నీ."

"ఆలోసన దేనికి? గేదే అన్నారు గదా. గేదైతే మేతకెల్లదా ఏటి? పొద్దుటే తోలుకెల్లు. ఎక్కడ మేపుకుంటావో మేపుకో."

అలా ఆ గేదె రోజూ మేతకు వెళ్ళసాగింది. మండలంలో ఏ ఊళ్ళో ఏ గొడ్డుకు జబ్బు చేస్తే ఆ ఊళ్ళో మేసేది. సాయంత్రానికి పాక చేరినట్టు సువర్చల రోజూ జిల్లా కార్యాలయానికి ఫోనులో చెప్పేది. ఏ పాకో ఆమె చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

కొన్నాళ్ళకు జేడీ గారు తల్లీపిల్లల్ని చూడడానికి జీపును గెడ్డ దాటించి స్వయంగా తాటిమెట్టకు వచ్చారు. అసిరమ్మ బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంచింది. దూడ అసలు తల్లి పొదుగులో తలదూర్చి పాలు తాగుతోంది. జేడీ గారు అటు చూడలేదు, అక్కడ పోగు లేదు కదా. ఆయన బండికి కిక్కు కొట్టించి, స్టెతస్కోపు ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు.

"వింటిరా? కడుపు తేలికపడిన పిమ్మట ఎంత నిదానముగా ఊపిరి తీయుచున్నదో. ఆనాడు నా మాట కాదని రబ్బరనిరి."

"తప్పయిపోయింది సార్," అంది సువర్చల.

"పాలెన్ని ఇచ్చుచున్నది?"

"ఇంకా చేపలేదు సార్."

"కంగారు పడరాదు. తొలిచూలు కదా." ఆయన బండి ట్యాంకును ఆప్యాయంగా తట్టి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగారు. "ఈసారి చూలు కట్టించుటకు మంచి జాతి పోతును చూడవలసియున్నది. ఎక్కడనుంచి తెప్పింతమా యని."

అసిరమ్మ వాకిట్లో గుర్రుమంటూ నిలబడి ఉన్న జీపును ఒకసారి తేరిపార చూసింది.

"దూరం దేనికి బాబూ," అంది. "తవుఁరి జీపుంది గదా."

జేడీ గారు గబగబా జీపెక్కారు. మర్నాడు పొద్దున్నే డ్రైవరుకు ఉత్తర్వు అందింది. శాఖవారి జీపును ఇకముందు గెడ్డకు ఇవతలే కట్టివేయవలెననీ, ఎట్టి పరిస్థితులలోను తాటిమెట్ట ఛాయలకు పోనీయరాదనీ దాని సారాంశం.